ఊరంతా కలిసి రాసే వెబ్‌సైట్‌కి ఓపెన్ సోర్స్: లాకు తాళం మన దగ్గరే ఉండాలంటే

మా కోనసీమలో లాకు అంటే కాలువ మీద ఉండే లాకే. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీటి మట్టం సమానం చేసి, ముందు తలుపు తీసి పంపేస్తారు. కంప్యూటర్ వాళ్లు "వెండర్ లాక్-ఇన్" (ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చేరాక బయటికి రాలేకపోవడం) అంటే మొదట్లో నాకు ఆ బొమ్మే కళ్ల ముందు ఆడేది. తర్వాత తెలిసింది తేడా. కాలువ లాకులో పడవ కాసేపే ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ లాకులో వెనక తలుపు మూసుకున్నాక ముందు తలుపు ఉందో లేదో ఎవరూ చెప్పరు.

మాకిది అనుభవం మీదే తెలిసింది. మా ఊరి సంగతులన్నీ ఒకచోట పెడదామని ఏడెనిమిది మందిమి కూడాం. రిటైరైన మాస్టార్లు ఇద్దరు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు, గల్ఫ్‌లో ఉండే బాబాయి ఒకాయన. రెడీమేడ్‌గా దొరికే ఒక సర్వీసులో సైటు పెట్టాం. మొదటి ఏడాది చవకే. రెండో ఏడాది రేటు మారింది, పైగా రాసేవాళ్ల తలకి ఇంత అన్నారు. సరే, బయటికి పోదామని ఎక్స్‌పోర్ట్ నొక్కితే చేతికొచ్చినవి పీడీఎఫ్‌లు. ఏ వాక్యం ఎవరు రాశారో, ముందు ఏముండేదో, ఏ ఫొటో ఎవరిచ్చారో, అన్నీ గల్లంతు. వందకు పైగా పేజీలు వేసవంతా కూర్చుని కాపీ చేసి అతికించాం. వాళ్లని అనడానికేం లేదు లెండి. షరతుల్లో అన్నీ రాసే ఉన్నాయి, మేమే చదవలేదు.

ఆ వేసవి మీకు రాకూడదని ఇది రాస్తున్నా. ఊరి చరిత్రకైనా, బడి పూర్వ విద్యార్థుల సైటుకైనా, రైతుల అనుభవాల సైటుకైనా దారి ఒకటే.

1. ముందు కాగితం మీద తేల్చుకోండి

సాఫ్ట్‌వేర్ పేర్లు వెతికే ముందు ఒక కాగితం తీసుకుని రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఒకే పేజీని పదిమంది మారుస్తారా, లేక ఎవరి పేజీ వాళ్లదా? రాసింది మారుతూ ఉంటుందా, ఒకసారి వేసి వదిలేసేదా?

ఎవరి వ్యాసం వాళ్లది, కింద పేరు ఉండాలి అంటే అది పత్రిక లాంటిది. దానికి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. మా విషయం అది కాదు. "మన కాలువ మీద లాకులు" అని ఒక పేజీ తెరిస్తే ఒకాయన లాకు ఉన్న చోటు రాశాడు, ఇంకొకాయన అక్కడ పడవలు ఆగేవని చేర్చాడు, మూడో ఆయన వచ్చి "ఆ పేరు తప్పు" అని దిద్దాడు. ఇలా ఒకే పేజీ మీద చాలామంది చేతులు పడేదాన్ని వికీ అంటారు. వికీకి ప్రాణం పాత ప్రతులు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఉండాలి, పాడుచేస్తే ఒక్క నొక్కుతో వెనక్కి పోవాలి. ఇది లేని సాఫ్ట్‌వేర్‌తో పదిమంది కలిసి రాయడం అంటే గొడవలు కొనితెచ్చుకోవడమే.

ఇంకో మాట. మాట్లాడుకోవడానికి వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది. అక్కడ మాట్లాడుకోండి, తేలిన విషయాన్ని సైటులో రాయండి. రెండూ ఒకదాంట్లోనే ఇమడ్చాలని చూస్తే రెండూ చెడతాయి.

2. లోపలికి వెళ్లే ముందు బయటి దారి చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

ఓపెన్ సోర్స్, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఇచ్చే సాఫ్ట్‌వేర్, వాడదామంటే మా మాస్టారు మొదట్లోనే అడ్డం తిరిగారు. "ఊరికే ఇస్తున్నారంటే అందులో ఏదో ఉంటుంది బాబూ" అన్నారు. ఆయనకు వరి విత్తనంతో చెప్పాను. మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, మనమంతా 7029 అంటామే, ఆ విత్తనం కొంటే డబ్బిచ్చే కొంటాం. కానీ పండిన గింజల్లో మంచివి ఏరి దాచుకోవచ్చు, మళ్లీ చల్లుకోవచ్చు, పక్క రైతుకి ఇవ్వచ్చు. హైబ్రిడ్ అయితే ప్రతి పంటకీ కొట్టు మెట్లు ఎక్కాల్సిందే. ఓపెన్ సోర్స్ సంగతి ధర గురించి కాదు, దాచుకుని మళ్లీ చల్లుకునే హక్కు గురించి. "ఆయ్, అలా చెప్పండి మరి" అన్నారాయన.

ఆ హక్కుని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన గ్నూ ఉద్యమం నాలుగు స్వేచ్ఛలుగా చెప్పింది: దేనికైనా వాడుకోవడం, ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవడం, ఇతరులకు ఇవ్వడం, మనం మార్చిన దాన్ని కూడా పంచుకోవడం. వీటిని చట్టం భాషలో పెట్టిన లైసెన్సు జీపీఎల్, మొదటి ప్రతి 1989లో వచ్చింది. ఓపెన్ సోర్స్ అనే మాట మాత్రం 1998లో పుట్టింది. మీరు చూస్తున్న సాఫ్ట్‌వేర్ పేజీలో జీపీఎల్, ఎంఐటీ, అపాచీ లాంటి లైసెన్సు పేరు స్పష్టంగా కనబడాలి. "ఉచిత ప్లాన్" అని మాత్రమే ఉంటే అది ఓపెన్ సోర్స్ కాదు, కొట్టు ముందు పెట్టిన మజ్జిగ కుండ.

ఈ హక్కు వల్ల ఒరిగేదేమిటో చెప్పడానికి రెండు సంగతులు చాలు. టీవికీ అనే వికీ సాఫ్ట్‌వేర్ ఉండేది. 2008లో దాని వెనక ఉన్న కంపెనీ పగ్గాలు తన చేతిలోకి తీసుకుంటే, ఎన్నాళ్లుగానో పనిచేస్తున్న వాళ్లలో చాలామంది అదే కోడ్ పట్టుకుని బయటికి వచ్చి ఫాస్‌వికీ అని కొత్తగా మొదలుపెట్టారు. ఇంకోటి 2002 నాటిది. వికీపీడియాలో ప్రకటనలు వస్తాయేమోనన్న భయంతో స్పానిష్‌లో రాసేవాళ్లు కొందరు ఉన్న వ్యాసాలన్నీ తీసుకుని సెవిల్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో వేరు కాపురం పెట్టారు. తర్వాత వికీపీడియాలో ప్రకటనలు రాలేదు. అలిగి వెళ్లిపోయే దారి నిజంగా ఉంటే ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా గౌరవం ఉంటుంది.

దారి లేని చోట ఏమవుతుందో కూడా చూశాం. జనం సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది, స్నేహితులు కలుసుకునే ఆర్కుట్ 2014లో. బళ్లలో బాగా వాడిన వికీస్పేసెస్ 2018లో కొట్టు కట్టేస్తున్నామని చెప్పేసింది. యాహూ గ్రూప్స్‌లో దాచిన పాత సంభాషణలు 2019 చివర్లో తుడిచిపెట్టేశారు. మన తెలుగువాళ్ల గుంపులు అందులో ఎన్నో ఉండేవి.

కాబట్టి ఏది చూసినా, ఎంత ముచ్చటగా ఉన్నా, చేరకముందే ఇవి అడగండి. మొత్తం సైటుని ఒకేసారి బయటికి తీయొచ్చా, ఒక్కో పేజీనేనా? తీసిన దాంట్లో పాత ప్రతులు, రాసినవాళ్ల పేర్లు, ఫొటోలు ఉంటాయా? ఆ ఫైలుని ఇంకో సాఫ్ట్‌వేర్ చదవగలదా? డబ్బు కట్టడం ఆపిన మర్నాడు మన రాతలు చూసుకోగలమా? నోటి జవాబు నమ్మకండి. ప్రయోగానికి ఒక ఖాతా తెరిచి, మూడు పేజీలు రాసి, రెండు ఫొటోలు ఎక్కించి, బయటికి తీసి చూడండి. పావుగంట పని. మేము చేయని పావుగంట అదే.

డబ్బు లెక్క కూడా ఇక్కడే వేసేయండి. తలకి నెలకి 200 రూపాయలు అనుకుందాం. 40 మంది రాస్తే ఏడాదికి 96,000. పైగా తలకింత అనే పద్ధతిలో ఒక పాడు గుణం ఉంది: "ఆవిడ ఏడాదికి ఒక్క పేజీ రాస్తుంది, ఖాతా ఎందుకు" అనిపిస్తుంది. ఊరి సైటుకి ఆ ఒక్క పేజీయే బంగారం. సొంత సర్వర్‌కి నెలకి 500 అనుకున్నా, డొమైన్ పేరుతో (సైటు చిరునామాతో) కలిపి ఏడాదికి 7,000 అవుతుంది. నలుగురు రాసినా నాలుగు వందల మంది రాసినా అంతే.

అయితే ఓపెన్ సోర్స్ వద్దనే సందర్భాలూ ఉన్నాయి. చూసుకునే మనిషి ఒక్కరు కూడా లేకపోతే వద్దు. రెండు నెలల్లో అయిపోయే పూర్వ విద్యార్థుల కలయికకి పేర్లు రాసుకోవడానికైతే ఏ ఉచిత ఫారమ్ అయినా ఒకటే. ఆపేక్షతో మొదలుపెట్టి ఎవరూ చూడక పాడుపడిన సర్వర్ కంటే అద్దె కొట్టే నయం.

3. మూడింటిలో ఒకటి

ఓపెన్ సోర్స్ వికీలు చాలా ఉన్నాయి. మన అవసరానికి రెండు వికీలు, ఒక వర్డ్‌ప్రెస్ చూస్తే చాలు.

మీడియావికీ: వికీపీడియా కోసం పుట్టింది. 2001లో వికీపీడియా మొదలైనప్పుడు వాడింది వేరే సాఫ్ట్‌వేర్, 2002లో దీని మొదటి రూపాలు తయారయ్యాయి, పేరు 2003లో పెట్టారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి దీని మీదే నడుస్తోంది. అందుకే దీని తెరమీద మాటలన్నీ తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. చరిత్ర, చర్చ, మూస, వర్గం, వాడుకరి, ఇటీవలి మార్పులు, అన్నీ. మనం అనువదించుకోనక్కర్లేదు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో రాసింది, రాతలు దాచడానికి మరియాడీబీ లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కావాలి.

డోకువికీ: 2004 నుంచి ఉంది. డేటాబేస్ అక్కర్లేదు, ప్రతి పేజీ మామూలు టెక్స్ట్ ఫైలు. ఫోల్డర్ కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. ఇరవై ముప్పై మంది రాసే సైటుకి ఇది చక్కగా సరిపోతుంది.

వర్డ్‌ప్రెస్: ఇదీ జీపీఎల్ కిందే, 2003 నుంచి. అందరికీ అలవాటైంది, కుర్రాళ్లు ఎవరైనా పెట్టేస్తారు. పాత ప్రతులు దాస్తుంది కానీ పదిమంది ఒకే పేజీ మీద పనిచేయడానికి పుట్టింది కాదు.

మేము మీడియావికీ తీసుకున్నాం. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే డోకువికీ తీసుకుంటానేమో, ఎందుకంటే మా గుంపులో డేటాబేస్ అంటే భయపడని మనిషి ఒక్కడే. అతనికి పెళ్లై పుణె వెళ్లిపోయాక తెలిసొచ్చింది.

4. తెలుగు పరీక్ష పెట్టండి

ఇంగ్లీషులో బాగా నడిచేది తెలుగులో ఎక్కడ తన్నేస్తుందో చెప్పలేం. ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌ని ముందు ఒక లాప్‌టాప్‌లో పెట్టి ఇవి చూడండి.

మొదటిది పేజీ పేర్ల పొడవు. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ఒక్కో అచ్చుకీ హల్లుకీ గుణింతపు గుర్తుకీ పొల్లుకీ మూడేసి బైట్లు పడతాయి. "ధవళేశ్వరం" అంటే కంటికి ఐదు అక్షరాలు, కంప్యూటర్‌కి తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. మీడియావికీలో పేజీ పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 గుర్తులు. మనకి సరిపోతుంది. డోకువికీలో మెలిక ఉంది. అది మామూలుగా ఫైలు పేరుని వెబ్ చిరునామా రూపంలోకి మార్చి దాస్తుంది, అప్పుడు ఒక్కో గుర్తు తొమ్మిది బైట్లవుతుంది. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లే. "జగ్గన్నతోట ప్రభల తీర్థం ఊరేగింపు" అని పేజీ పెట్టి చూడండి: 29 గుర్తులు, అంటే 261 బైట్లు. పేజీ సేవ్ కాదు. ఎందుకు కాలేదో తెలియక తల బద్దలు కొట్టుకుంటాం. మందు సులువే: అడ్మిన్ సెట్టింగుల్లో ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8కి మార్చండి. అయితే మొదటి పేజీ రాయకముందే మార్చాలి. తర్వాత మారిస్తే పాత పేజీలు దానికి కనపడవు.

రెండోది వెతుకులాట. "లాకు" అని వెతికితే "లాకుల దగ్గర", "లాకులో" ఉన్న పేజీలు వస్తాయా? చాలా సాఫ్ట్‌వేర్లు మాటని ఉన్నది ఉన్నట్టే పోలుస్తాయి. తెలుగులో విభక్తి మాటకి అతుక్కుపోతుంది కాబట్టి దొరకాల్సినవి దొరకవు. పెద్ద సైట్లకి వేరే సెర్చ్ ఇంజిన్ తగిలిస్తారు, చిన్న సైటుకి అంత హంగామా వద్దు. పేజీకి వర్గాలు సరిగ్గా పెట్టండి: కాలువలు, లంకలు, తీర్థాలు, వంటలు, వరదలు. వెతుకులాట చేయలేని పని వర్గాలు చేస్తాయి.

మూడోది టైపింగ్. ఫోన్లో అందరూ తెలుగు టైపు చేస్తున్నారు, ఇబ్బంది లేదు. కంప్యూటర్ దగ్గర కూర్చునే పెద్దవాళ్ల కోసం మీడియావికీకి యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) ఉంది. దాన్ని పెడితే వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే రాసే పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించవచ్చు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఉంటుంది.

ఫాంట్లకి టెన్షన్ పడక్కర్లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, ఎన్‌టీఆర్ లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. డేటాబేస్ పెట్టేటప్పుడు మాత్రం అక్షరాల పద్ధతిగా యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోండి. పాత యూటీఎఫ్8తో తెలుగు నడుస్తుంది గానీ ఎవరో ఒక దండం ఎమోజీ పెట్టగానే సేవ్ దగ్గర తన్నేయొచ్చు. మన వాళ్లు దండం ఎమోజీ లేకుండా ఏం రాస్తారు చెప్పండి!

5. స్థలం, పేరు

డొమైన్ పేరుకి డాట్ ఇన్ అయితే ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టూ అవుతుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంటే పెద్ద లాకు ఇంకోటి ఉంది: పేరు ఎవరి మీద కొన్నారు? ఒక కుర్రాడి సొంత మెయిల్ మీద కొంటే, అతను ఉద్యోగం మారి ఆ మెయిల్ చూడటం మానేసిన ఏడాది పేరు చేజారిపోతుంది. సైటు కోసం ఒక మెయిల్ తెరవండి, దాని పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉండాలి. డబ్బులు పోగయ్యేంత పెద్దదైతే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘంగా పెట్టుకోవచ్చు. చిన్నదైతే ఆ కాగితాల గోల అక్కర్లేదు.

సర్వర్‌కి 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో మనకి అద్దెకిచ్చే వాటా) చాలు. ఉబుంటు లేదా డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, అవీ ఓపెన్ సోర్సే. కమాండ్లంటే భయమైతే పీహెచ్‌పీ ఉన్న మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే చోట) డోకువికీ హాయిగా నడుస్తుంది. అసలు సర్వరే వద్దనుకుంటే మిరాహీజ్ అనే లాభాపేక్ష లేని సర్వీసు ప్రకటనలు లేకుండా, ఉచితంగా మీడియావికీ సైట్లు నడుపుతోంది. అక్కడ మొదలుపెట్టినా మన రాతలు ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫైలుగా తీసుకుని సొంత మీడియావికీలో పోసుకోవచ్చు. ఒకే సాఫ్ట్‌వేర్ రెండు చోట్లా ఉండటం వల్ల వచ్చిన సుఖం అది.

పంచాయతీనో కాలేజీనో సాయం అడుగుతుంటే ఒక మాట పనికొస్తుంది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని భారత ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. "ఇదేదో కుర్రాళ్ల సరదా" అనేవాళ్ల ముందు అది పెట్టండి.

6. పెట్టాక మొదటి రోజే మార్చాల్సినవి

ఇన్‌స్టాల్ చేయడం గంట పని, తెరమీద అడిగినవాటికి జవాబిస్తూ పోవడమే. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాతవే ముఖ్యం.

ఫొటోలు. మీడియావికీలో అప్‌లోడ్ మామూలుగా మూసి ఉంటుంది, సెట్టింగుల ఫైల్లో తెరవాలి. తెరిచినా పీహెచ్‌పీ తనంతట తాను 2 ఎంబీ దాటిన ఫైలుని రానివ్వదు. ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కోటి అంతకంటే బరువే. ఆ హద్దుని 10 ఎంబీకి పెంచండి, దానితోపాటు పోస్ట్ సైజు హద్దుని ఇంకాస్త ఎక్కువగా, 12కి పెంచండి. ఒకటి పెంచి రెండోది మరిచిపోతే పెంచనట్టే.

రాసే పెట్టె. విజువల్ ఎడిటర్ 2020లో వచ్చిన 1.35 వెర్షన్ నుంచి మీడియావికీతోనే వస్తోంది. దాన్ని ఆన్ చేయండి. చదరపు బ్రాకెట్లు, నక్షత్రం గుర్తులు చూస్తే మా మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టేసేవారు. ఇప్పుడు వర్డ్‌లో రాసినట్టే రాస్తున్నారు.

చెత్త. తలుపు బార్లా తీసి పెడితే వారంలో మందుల ప్రకటనలతో సైటు నిండిపోతుంది. రాసేవి మనుషులు కాదు, బాట్లు, అంటే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు. ఖాతా లేకుండా మార్పులు చేయనివ్వకండి. ఖాతా తెరిచేటప్పుడు మన ప్రశ్న మనమే అడిగే సౌకర్యం ఉంది, కన్ఫర్మ్‌ఎడిట్ అనే పొడిగింపులో క్వెస్టీక్యాప్చా అని. మేము పెట్టిన ప్రశ్నల్లో ఒకటి: "ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర ఎవరు?" ఇక్కడ చిన్న పిల్లాడైనా చెప్తాడు. జవాబులు మాత్రం అన్ని రకాలుగా ఇవ్వాలి: కాటన్, కాటన్ దొర, ఆర్థర్ కాటన్, ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా. మొదట ఒక్కటే పెట్టాం, ఊళ్లోవాళ్లే బయట నిలబడిపోయారు. ప్రశ్నలు నాలుగైదు ఉంచి అప్పుడప్పుడు మార్చండి.

7. రాతలకీ లైసెన్సు కావాలి

సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా ఉంది, మరి రాతలు? ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. నలభై మంది రాసిన సైటులో ఎవరి వాక్యం మీద హక్కు వాళ్లదే. రేపు పుస్తకం వేద్దామంటే నలభై మందినీ పట్టుకుని అడగాలి. అందుకే మొదటి రోజే క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 లైసెన్సు (రాసినవాళ్ల పేరు చెప్పి, అదే షరతు మీద ఎవరైనా వాడుకోవచ్చనేది) పెట్టుకుంటే మంచిది. వికీపీడియా కూడా 2023 నుంచి అదే వాడుతోంది కాబట్టి, పేరు చెప్పి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తీసుకోవచ్చు.

పాత ఫొటోల విషయంలో మన చట్టం సులువు. ఫొటో ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. పాత ఆనకట్ట ఫొటోలు పుస్తకాల్లో అచ్చయి ఆ గడువు దాటి ఉంటే వాడుకోవచ్చు. ఎవరి బీరువాలోనో ఉన్న పెళ్లి ఫొటో మాత్రం వాళ్లని అడగకుండా పెట్టకండి, చట్టం ఏమన్నా సరే.

బతికున్న మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్, ఆస్తి వివరాలు సైటులో ఉండకూడదు. ఇంటిపేర్ల పేజీ జోలికి మొదటి ఏడాది వెళ్లకండి. ఎవరు ముందు ఊరికి వచ్చారన్న దగ్గర మొదలై ఎక్కడ తేలుతుందో మీకూ తెలుసు. మేము వెళ్లాం, చర్చ పేజీ అసలు పేజీ కంటే పదిరెట్లు అయ్యింది.

8. పాత సరుకు తేవడం

వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, ఎవరో డీటీపీ చేయించిన సావనీర్లు, ఇవన్నీ ఉంటాయి. ఇక్కడ ఇంకో పాత లాకు ఎదురవుతుంది. డీటీపీ సెంటర్లలో యూనికోడ్ (ఏ మిషన్ మీదైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కాని ఫాంట్లతో కొట్టిన ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు కనబడతాయి. ఆ ఫాంట్ ఉన్న మిషన్ మీద మాత్రమే అది తెలుగు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, మార్చాక మనిషి కూర్చుని చదవాల్సిందే. వత్తులు, సున్నలు తారుమారవుతాయి. ఒక సావనీర్‌కి ఇద్దరు, ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దాలి. ఇకపై కొట్టించేది యూనికోడ్‌లోనే కొట్టమని డీటీపీ అబ్బాయికి ముందే చెప్పండి.

9. బ్యాకప్, కాలువలు కట్టేసినప్పుడు మరమ్మతు

1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లెవరికీ ఒకేచోట అన్నీ దాచకూడదని చెప్పనక్కర్లేదు. మీడియావికీలో దాచాల్సినవి మూడు: డేటాబేస్ డంప్ (మొత్తం డేటాబేస్ కాపీ), ఫొటోల ఫోల్డర్, సెట్టింగుల ఫైలు. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎగుమతి ఒక్కటే చాలనుకోకండి, అందులో రాతలూ పాత ప్రతులూ వస్తాయి గానీ ఫొటోలూ ఖాతాల పాస్‌వర్డులూ రావు. సెట్టింగుల ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డు ఉంటుంది, దాన్ని వాట్సాప్ గ్రూపులో పంపకండి. నవ్వకండి, మా వాడు పంపాడు.

వారానికోసారి ఇవి వాటంతటవే కాపీ అయ్యేలా పెట్టండి. ఒక ప్రతి సర్వర్ కంపెనీ కాకుండా వేరేచోట, నెలకోసారి ఇంకో ప్రతి హార్డ్‌డిస్కులో, అదీ లంకలో ఉన్న ఇంట్లో కాకుండా గట్టు ఇవతల.

డెల్టా కాలువలకి వేసవిలో నీళ్లు కట్టేసి పూడిక తీస్తారు, తలుపులకి మరమ్మతు చేస్తారు, గుర్రపుడెక్క లాగుతారు. మేము సైటు మరమ్మతు కూడా అప్పుడే పెట్టుకున్నాం, గుర్తుంటుందని. మీడియావికీ కొత్త వెర్షన్లు ఆర్నెల్లకొకటి వస్తాయి, అన్నింటి వెంట పరిగెత్తక్కర్లేదు. ఎల్‌టీఎస్ అని రాసి ఉన్నవి తీసుకోండి, వాటికి మూడేళ్లు భద్రతా మరమ్మతులు అందుతాయి. 2024 డిసెంబరులో వచ్చిన 1.43 అలాంటిదే. మధ్యలో వచ్చే చిన్న భద్రతా సవరణలు మాత్రం వేసవి దాకా ఆపకండి, వచ్చిన వారంలోనే వేసేయండి.

ఆ వేసవిలోనే ఒక పూట ఈ పని చేయండి. సర్వర్ ముట్టుకోకుండా, హార్డ్‌డిస్కులో ఉన్న ప్రతితో ఒక పాత లాప్‌టాప్ మీద సైటు మొత్తం మళ్లీ లేపండి. చేసేది ఎప్పుడూ చూసుకునే మనిషి కాకూడదు, రెండో మనిషి చేయాలి. ఏం చేశారో అంచెలంచెలుగా ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాయాలి. మా మొదటి ప్రయత్నంలో పేజీలన్నీ వచ్చాయి, ఫొటోల చోట మాత్రం ఖాళీ పెట్టెలు. ఫొటోల ఫోల్డర్ ఆరు నెలలుగా కాపీ అవ్వడం లేదని అప్పుడు తెలిసింది. సైటు అప్పటికి బతికే ఉంది కాబట్టి ఆ సాయంత్రమే సరిచేశాం. నోట్‌బుక్ ఇప్పుడు మాస్టారి ఇంట్లో, పంచాంగం పక్కన ఉంటుంది.